పాత నాణేనికి ఊరి పేరు కావాలి



పాత నాణేల మోజు పట్నాలు దాటి మన జిల్లాల దాకా వచ్చింది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలలో టంకశాల ప్రూఫ్ సెట్లు కొనేవారున్నారు, రాణి బొమ్మ రూపాయల కోసం వెతికేవారున్నారు, ‘రామమాడ’ అంటే చాలు వెనకాముందూ చూడకుండా డబ్బు పెట్టేవారూ ఉన్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఎంత పలుకుతుంది? అడగడం తప్పని అనను. అయితే అంతకంటే ముందు ‘ఇది ఏ ఊళ్లో, ఎవరింటి నుంచి వచ్చింది’ అని అడగాలన్నదే నా వాదన. ముఖ్యంగా మన గోదావరి గట్టున ఆ వివరం రాసి పెట్టని సేకరణ, ఎంత ఖరీదైనదైనా, సగం సేకరణే.

ముందు ప్రూఫ్ సెట్ల సంగతే చూద్దాం. ప్రూఫ్ నాణెం సంతలో చెల్లడానికి కొట్టింది కాదు. మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద, ఒకటికి రెండుసార్లు గట్టిగా ఒత్తి తీస్తారు. అందుకే ఖాళీ జాగా అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మసకమసకగా తెల్లగా పైకి తేలి కనిపిస్తుంది. ఒక్క వేలిముద్ర పడినా ధర తగ్గుతుంది. ఇలాంటి సెట్లను ప్రభుత్వ టంకశాలలు ఇప్పటికీ పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నాయి. వాటి విలువ లోహంలో ఉన్నదానికన్నా, ఏ టంకశాల, ఏ ఏడు, ఏ సందర్భం అన్న లెక్క నాణెంతో పాటే రావడంలో ఎక్కువగా ఉంది. ఆ లెక్క చెదిరితే ఏమవుతుందో బ్రిటిష్ కాలపు ‘ప్రూఫ్’లను చూస్తే తెలుస్తుంది. బొంబాయి, కలకత్తా టంకశాలలు సేకర్తల కోరిక మీద పాత అచ్చులు బయటికి తీసి, తర్వాతి కాలంలో మళ్లీ ముద్రించి ఇచ్చిన నాణేలు చాలానే ఉన్నాయి. వాటి మీద కనిపించే ఏడు ఒకటి, అవి పుట్టిన ఏడు మరొకటి. సర్కారు టంకశాలలో తయారైనవే కాబట్టి నకిలీలనలేం. అయినా అసలు ప్రూఫ్‌కూ వీటికీ ధరలో చాలా తేడా. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. అచ్చులోని సన్నని తేడాలు, చేతులు మారినప్పుడల్లా రాసిపెట్టిన కాగితాలు లేకపోతే పట్టుకోవడం కష్టం. లక్షలు పలికే నాణేనికే పుట్టుపూర్వోత్తరాలు ఇంత ముఖ్యమైనప్పుడు, మన ఊళ్లలో మిగిలిన నాణేలకు ఇంకెంత ముఖ్యమో ఆలోచించాలి.

ఎందుకంటే మనది ఒకప్పుడు రెండు నాణేల సరిహద్దు. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్‌వారికి వదులుకుంది. భద్రాచలం మొదట మధ్యపరగణాల కిందికి, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలోకి పోయింది. కుడి గట్టున బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. కుడి దరిన నిజాం వారి హాలీ సిక్కా, ఎడమ దరిన బ్రిటిష్‌వారి కల్దారు. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82 పాళ్లకు కాస్త తక్కువ. కల్దారు 11.66 గ్రాములు, వెండి దాదాపు 92 పాళ్లు. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు అన్న మారకం ఊరికే పుట్టలేదు. రెండింటిలో ఉన్న వెండిని లెక్కగడితే ఇంచుమించు అంతే వస్తుంది. హాలీ నాణేల్లోనూ చదవవలసింది చాలా ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయిని భూతద్దం కింద పెట్టి గుమ్మంలోకి చూస్తే, ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. అయితే అది బూర్గంపహాడ్‌లో దొరికిందా, నది దాటి దుమ్ముగూడెంలో దొరికిందా అన్నది ఏ అక్షరమూ చెప్పదు. శ్రీరామనవమికి నది దాటిన భక్తులు ఏ రూపాయి తెచ్చారు, చింతపండు, ఇప్పపూవు కొన్న షావుకార్లు ఏ నాణెంలో లెక్క కట్టారు, మారకంలో ఎవరి చేయి తడిసింది, ఎవరి చేయి ఎండింది అన్నవి సర్కారు రేటును బట్టి తెలిసేవి కావు. ఏ గూడెంలో ఏ నాణేలు మిగిలాయో ఊరూరా రాసుకుంటే కొంతైనా తెలుస్తాయి.

ఇక్కడే బజారు లెక్కకూ చరిత్ర లెక్కకూ పేచీ. కొక్కెం అతికించిన రూపాయిని సేకర్తలు చెడిపోయిన సరుకుగా చూస్తారు, అది వెండి తూకానికి పోతుంది. లంబాడీ తండాల్లో మెడదండలకు, రవికెలకు ఎక్కిన రూపాయలు అలాంటివే. రాణి చెక్కిలి అరిగిపోయి ఉంటుంది, అంచు గీట్లు నున్నబడి ఉంటాయి, నెత్తిన టంకం ముద్ద. ప్రూఫ్‌లో లోపాలుగా ఎంచేవన్నీ ఇక్కడ సాక్ష్యాలు. ఖర్చుపెట్టకుండా ఒంటి మీద దాచుకున్న సొమ్ము అది. కష్టకాలంలో ఒక్కొక్కటే ఊడదీసి అమ్ముకోవడానికీ పనికొచ్చేది. అలాంటి దండను ఏ తండాదో, ఎన్ని తరాలదో అడగకుండా కొని, కొక్కేలు పీకి, చింతపండుతో తోమి, ప్లాస్టిక్ కవర్లో పెడితే మిగిలేది దేశంలో ఎక్కడైనా దొరికే మామూలు రూపాయి.

రామమాడల విషయంలో వివరం లేకపోవడం నష్టంతో ఆగదు, మోసానికి దారి తీస్తుంది. రామదాసు కోసం రామలక్ష్మణులు కుతుబ్‌షాహీ సుల్తాను తానీషాకు ఆరు లక్షల మాడలు కట్టిన కథ మనందరిదీ. ఆలయంలో భక్తులు దర్శించుకునేవాటి జోలికి నేను పోవడం లేదు. ఆ పేరుతో బయట అమ్మేవాటి గురించే నా మాట. కుతుబ్‌షాహీల పేరిట నేడు దొరికేవి దాదాపు అన్నీ రాగి నాణేలే. ఆనాటి బంగారు లావాదేవీలు వరహాల్లో నడిచాయి. పట్టాభిషేకం బొమ్మ ఉన్న ఇత్తడి, వెండి, బంగారు బిళ్లలు దేశమంతటా తయారయ్యాయి. రామటంకాలంటారు వాటిని. ప్రూఫ్ నాణేల్లాగే ఇవీ చెలామణి కోసం పుట్టలేదు. పూజలో పెట్టుకోవడానికి, కానుక ఇవ్వడానికి పుట్టాయి. ఆ గౌరవం వాటికి చాలు. ఇక ‘ఈస్టిండియా కంపెనీ, 1818, యు.కె.ఎల్. వన్ అణా’ అన్న ఇంగ్లిషు రాతతో, వెనుక రామదర్బారు బొమ్మతో తిరిగే రాగి బిళ్లలు కంపెనీ ఎన్నడూ ముద్రించనివి. మద్రాసులో కంపెనీ దేవతల బొమ్మలతో ‘మూడు స్వాముల వరహా’ కొట్టించిన మాట నిజమే. కానీ అది ఇంగ్లిషు అక్షరం లేని చిన్న బంగారు నాణెం. ఈ రాగి బిళ్లలకే బియ్యం గింజలను లాగే శక్తి ఉందని నమ్మించి, రైస్ పుల్లింగ్ పేరిట లక్షలు గుంజిన ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పట్టుకున్నారు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ఛార్జీలు వసూలు చేసేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించవలసి వచ్చింది. అలాగని రాముడి బొమ్మ ఉన్న అసలు నాణేలు లేవా? ఉన్నాయి. అక్బరు తన చివరి ఏళ్లలో సీతారాముల బొమ్మతో ముద్రించినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. అవి ఏ మ్యూజియాల్లో ఉన్నాయో నమోదై ఉంది గనుకనే వాటికి ఆ విలువ.

నా డబ్బు, నా సరదా, మధ్యలో ఈ రాతకోతలేమిటని ఎవరైనా అనవచ్చు. సరదాను ఎవరూ కాదనరు. కానీ నాలుగు వాక్యాలు రాసుకోవడానికి ఖర్చేమీ లేదు, అమ్ముకునే రోజు వస్తే ఆ నాలుగు వాక్యాలే కొనేవారికి నమ్మకం కలిగిస్తాయి. పరిశీలనకు పెడితే భక్తి సన్నగిల్లుతుందన్న భయమూ అక్కర్లేదు. రామదాసు మీద మన భక్తి ఏ బిళ్ల తూకం మీదా ఆధారపడి లేదు. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం చట్టం గురించినది. ఊరి పేరు రాస్తే అధికారులు వచ్చి పట్టుకుపోతారన్న భయం ఉత్తది కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. రాగి నాణేల కుండ దొరికిన రైతుకు ఈ లెక్కన ముట్టేది పాత సామాన్ల బండివాడిచ్చే దానికి కాస్త ఎక్కువ, అంతే. నిజాయతీకి ఇంత తక్కువ ఖరీదు కట్టిన చట్టం కుండను రాత్రికి రాత్రే కరిగించమని చెప్పినట్టే. దాన్ని మార్చి, చారిత్రక విలువను బట్టి పరిహారం ఇవ్వాలి. అయితే ఆ చట్టం భూమిలో దొరికిన వాటి గురించే. అమ్మమ్మ పెట్టెలోని రూపాయల దండ దాని కిందికి రాదు. ఈ తేడా జనానికి విడమరచి చెప్పేవారు లేకపోవడమే సగం భయానికి కారణం.

కాబట్టి సేకర్తలకు నా విన్నపం: నాణెం కొన్నరోజే ఊరు, కుటుంబం చెప్పిన మాట, తూకం, రెండు వైపులా ఫొటో ఒక పుస్తకంలో ఎక్కించండి. తోమకండి, కొక్కెం పీకకండి. వారసత్వ శాఖవారు ఖమ్మంలో, భద్రాచలంలో ఏడాదికోసారైనా నాణేల గుర్తింపు శిబిరం పెట్టాలి. తెచ్చిన నాణెం తెచ్చినవారికే తిరిగి ఇస్తామని ముందే రాసి ఇవ్వాలి, వివరాలు మాత్రం నమోదు చేసుకోవాలి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక ఇక్కడి సరిహద్దు మరోసారి జరిగింది. కనుక ఈ నమోదు పుస్తకం రెండు రాష్ట్రాలకూ ఒకటే కావాలి. ప్రూఫ్ సెట్టు వచ్చే ఏడైనా కొనుక్కోవచ్చు. దండలోని రూపాయి కథ చెప్పగల పెద్దవాళ్లు తండాల్లో ఏటికేడు తగ్గిపోతున్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
భద్రాచలం