ఆటపెట్టెల జీర్ణోద్ధరణము

పాతవస్తువును పూజించుట వేరు, దానిచేత పని చేయించుట వేరు. ఏడాది కొకమారు సరస్వతీపూజనాడు అటకమీదినుండి తాటాకుల కట్టను దించి, పసుపు కుంకుమలు అద్ది, విప్పకయే మరల ఎర్రగుడ్డలో చుట్టి పైకెక్కించిన గృహస్థులు తెలుగునాట ఎందరో ఉండిరి. వారి భక్తిని శంకింపనక్కరలేదు. కాని ఆ కట్టలో నున్నది భారతమో, పశువైద్యమో వారెరుగరు. ఎరుగవలెనని తోచునాటికి పురుగులు దానిని చదివి ముగించినవి.

2021 జూలైలో అమెరికాలో ఒక వేలము జరిగినది. 1996లో నింటెండో సంస్థ వెలువరించిన ‘సూపర్ మారియో 64’ అను వీడియో ఆట ప్రతి యొకటి, అట్టపెట్టె ముద్ర విప్పనిది, 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. ఆ ప్రతి విలువ యంతయు దానిని ఎవ్వరును, ఎన్నడును ఆడకపోవుటలోనే యున్నది. ఎర్రగుడ్డ స్థానమున పారదర్శకమైన ప్లాస్టిక్కు పెట్టె వచ్చినది. అంతకు మించిన భేదము లేదు.

ఇదే కాలమున, ఇవే ఆటలమీది ప్రేమతో, దీనికి సరిగా విరుద్ధమైన పని చేయువారు కొందరు పెక్కు దేశములలో నున్నారు. వీరు వ్యాపారులు కారు. పగలు ఏదో యుద్యోగము చేసికొని, సాయంకాలములును ఆదివారములును సోల్డరింగు కడ్డీతో గడుపువారు. ముప్పది నలువది ఏండ్లనాటి ఆటయంత్రములకు కావలసిన ఉపకరణములను తామే ఊహించి, తామే గీసి, తామే అతికి తయారు చేయుదురు. పాత చేతిమీటను నేటి కంప్యూటరునకు కలుపు అడాప్టరు, పాత టీవీకై పుట్టిన బొమ్మను నేటి తెరకు తగినట్లు మార్చు పరికరము, క్యాసెట్టులోని విషయమును చదివి తీయు పెట్టె: వీరి సృష్టి ఇట్టిది. చూచువారు దీనిని పెద్దవారి పిల్లచేష్ట యందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని అంతటితో దానిని త్రోసివేయుట తగదు.

వీరి పని ఎందుకు అవసరమైనదో మొదట చూడవలెను. జపానులోని క్యోటో నగరమున 1889లో పేకముక్కల తయారీతో ఆరంభమైన నింటెండో సంస్థ, 1983 జూలైలో ‘ఫామికాం’ అను ఆటయంత్రమును విడుదల చేసినది. 2003లో దాని తయారీ ఆగినది. 2007లో, విడిభాగములు దొరకక, దాని మరమ్మతును గూడ ఆ సంస్థ మానివేసినది. ఇరువదినాలుగేండ్లు ఒక ఆటవస్తువునకు అండగా నిలుచుట తక్కువ యేమియు కాదు. అయినను ఆనాటినుండి ఆ యంత్రము దిక్కులేనిదైనది. దాని అనుకరణలే 1990వ దశకమున మన పట్టణములకు వచ్చినవి. టీవీకి తగిలించు పెట్టెను ‘వీడియో గేము’ అనియు, అందు గ్రుచ్చు దానిని ‘క్యాసెట్టు’ అనియు మన పిల్లలు పిలిచిరి. అందులో టేపు లేదు, చక్రములు లేవు, ఉన్నది ఒక చిన్న సర్క్యూటు బోర్డు మాత్రమే. అయినను పేరు నిలిచినది గనుక ఇచ్చటను ఆ మాట వాడుటయే మేలు. ఆట నడవనిచో క్యాసెట్టు తీసి నోటితో ఊదుట ఆనాటి సార్వజనీన వైద్యము. ఊపిరిలోని తేమ దాని లోహపు పండ్లను చెరచునేకాని బాగుచేయదని ఈ ఔత్సాహికులు చెప్పి చెప్పి అలసియున్నారు.

ఇట్టి యొకని సంవత్సరము సాధారణముగా అడాప్టరుతో మొదలగును. ఫామికాం అమెరికాకు 1985లో వేరొక రూపమున వెళ్లినది. ఆ యంత్రపు చేతిమీటలో ఎనిమిది బటన్లుండును: నాలుగు దిక్కులకు నాలుగు, మరి నాలుగు ఇతర పనులకు. కాని యంత్రమునకు పోవు తీగలు ఐదే. అందు రెండు విద్యుత్తునకు సరి. మిగిలిన మూడు తీగలతో ఎనిమిది బటన్ల స్థితి ఎట్లు తెలియును? మీటలోపల ‘4021’ అను చిప్పు ఒకటి కలదు. యంత్రము ఒక తీగపై సంజ్ఞ పంపగానే ఆ క్షణమున ఏ బటను నొక్కబడియున్నదో, ఏది లేదో అన్నిటిని ఒక్కమారుగా ఆ చిప్పు పట్టి ఉంచును. పిమ్మట యంత్రము రెండవ తీగపై ఒక్కొక్క తట్టు తట్టుచుండగా, మూడవ తీగపై ఒక్కొక్క బటను సమాధానము వరుసగా వచ్చును. తరగతిలో అందరిని కదలకుండ కూర్చుండబెట్టి హాజరు పిలుచుట వంటి పని ఇది. అయితే ఈ హాజరు క్షణమునకు అరువదిమారులు జరుగును. 1983నాటి యింజనీర్లు తీగ ఖర్చును ఇట్లు తగ్గించిన తీరు చూచినచో, పొదుపును గూడ ఒక కళ యనవలసియుండును.

ఈ హాజరును పిలిచి, ఫలితమును నేటి కంప్యూటరు భాషలో చెప్పగల చిన్న మెదడు ఔత్సాహికునికి కావలెను. 2021లో ‘రాస్ప్‌బెరీ పై పికో’ అను బోర్డు నాలుగు డాలర్లకే వచ్చినప్పటినుండి ఆ చిక్కు చాలవరకు తీరినది. చిక్కంతయు తక్కిన దానిలో నున్నది. అడాప్టరు ఆలస్యము చేయరాదు. తెరమీద ఒక బొమ్మ నిలుచునది క్షణములో అరువదవ వంతు. అడాప్టరు తడబడి రెండు మూడు బొమ్మల కాలము మ్రింగినచో, ఎగురవలసిన మారియో గోతిలో పడును. ఆడువాడు తన వ్రేలిని నిందించుకొనును. చేసినవానికి మాత్రము తప్పెవరిదో తెలియును. ఆ ఒక్క తెలివిడికై అతడు రాత్రులు మేల్కొనును.

బోర్డు నమూనాను అతడు కంప్యూటరుపై గీయును. అందుకు వాడు ‘కైకాడ్’ అను సాఫ్ట్‌వేరును 1992లో ఫ్రాన్సు దేశీయుడు జీన్ పియర్ షరాస్ ఆరంభించెను. అది నేటికిని ఉచితము. గీసిన నమూనాను చైనాలోని షెన్‌జెన్‌కు పంపినచో అచ్చటి కర్మాగారములు బోర్డులను చేసి పంపును, సాధారణముగా ఐదింటికి తగ్గకుండ. మొదటిమారు వచ్చిన ఐదును పనికిరాకపోవుట ఈ విద్యలో అక్షరాభ్యాసము వంటిది. కనెక్టరును ముందునుండి చూచి గీసిన పటమును వెనుకనుండి చూచినదిగా భ్రమించుటచే, కుడిది ఎడమకును ఎడమది కుడికిని పోవును. అద్దములో చూచి నామము దిద్దుకొనువారి కందరికి తెలిసిన చిక్కే. ఆ ఐదు బోర్డులు కాఫీగ్లాసు క్రిందికి పోవును. మరల గీయుట, మరల పంపుట, మరల తపాలాకై కనిపెట్టుకొని యుండుట. సంవత్సరములో సగము ఇట్లే గడచును.

ఇంతవరకు నేర్పు సంగతి. దానికంటె ముఖ్యమైనది నియమము. పాత యంత్రములకు క్రొత్త తెరలు, క్రొత్త బ్యాటరీలు అమర్చు సామగ్రి నేడు పుష్కలముగా దొరకుచున్నది. వానిలో కొన్ని అమరవలెనన్న యంత్రపు పైడొప్పను లోపల కోసివేయవలెను. కొన్నింటిని ఎంతో శ్రమపడి కోత లేకుండ అమరునట్లు రూపొందించిరి. ఈ రెంటి నడుమ ఔత్సాహికులలో వాదములు కలవు. కోసినవాడు ‘నా వస్తువు, నా యిష్టము’ అనును. న్యాయస్థానములో ఆ మాట చెల్లును. కాని ఆ వస్తువు మరల తయారు కాదు. కడపలో బ్రౌను తన ఖర్చుతో పండితులను పెట్టి ప్రతులు పోల్పించినపుడు, దిద్దుబాట్లు క్రొత్త ప్రతికి ఎక్కినవి, తాటాకు తాటాకుగానే మిగిలినది. పాఠము నచ్చలేదని ఆకునే గీరివేసినవానిని పరిష్కర్త యనరు. ఉపకరణమును వెలుపల తగిలించి, వలదన్ననాడు ఊడదీసి, యంత్రమును తొల్లిటివలె నిలుపగలవాడే ఈ రంగమున పరిష్కర్త. పసుపు పట్టిన ప్లాస్టిక్కును హైడ్రోజన్ పెరాక్సైడులో ముంచి తెల్లబరచు వేడుక మరియొకటి కలదు. ఆ తెలుపు చాలమారులు నిలువదు. నిలిచినను, వృద్ధునికి జుట్టున రంగు వేయుటకంటె దానివలన ప్రయోజనమేమో తెలియదు.

సంవత్సరమున మిక్కిలి బరువైన పని క్యాసెట్టులోని బ్యాటరీది. 1987లో అమెరికాలో వెలువడిన ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ మొదలుగా, దినముల తరబడి సాగు ఆటలలో ఆడువాని పేరును, అతడు చేరిన చోటును గుర్తుంచుకొను ఏర్పాటు చేసిరి. ఆ జ్ఞాపకమున్న చిప్పు విద్యుత్తు ఉన్నంతసేపే గుర్తుంచుకొనును. అందుచే నాణెమంత బ్యాటరీ ఒకటి లోపల అతికి, పెట్టె ఆగియున్నపుడును ఆ చిప్పునకు ఊపిరి పోయుచుందురు. 1999నాటి ‘పోకెమాన్ గోల్డ్’ వంటి క్యాసెట్టులలో ఆ బ్యాటరీయే గడియారమును గూడ నడుపవలసి యుండుటచే అవి ఇంకను త్వరగా ఆరిపోవును. బ్యాటరీ ఆరిననాడు పేరు పోవును. విచిత్రమేమనగా, క్రొత్తది వేయుటకై పాతదానిని ఊడదీసినను పోవును. దీపము కొండెక్కకుండ ప్రమిద మార్చవలసిన స్థితి యది.

కనుక ముందు ఆ జ్ఞాపకమును వెలికి తీసి భద్రపరచవలెను, బ్యాటరీ మార్చిన పిదప మరల లోపల వ్రాయవలెను. ఈ పనికై క్యాసెట్టు చదువు పరికరములను ఔత్సాహికులే చేసిరి. వానిలో కొన్నింటి నమూనాలు అందరికిని ఉచితముగా లభించుచున్నవి. విద్యుత్తు లేకయే గుర్తుంచుకొను నేటి చిప్పును పాతదాని స్థానమున నిలిపి బ్యాటరీ బెడదనే తొలగించువారును కలరు. అట్టివాని బల్లమీదికి అపరిచితులు పంపు క్యాసెట్టులలో ఏమి యుండును? ఎనిమిదేండ్ల పిల్లవాడు తన వీరునికి పెట్టుకొన్న పేరు. ఆ పిల్లవానికి ఇపుడు నలువది. ఆ పేరు పెట్టినది అతడు గాక, అతని అన్నయైనను కావచ్చును, ఆ యన్న ఇపుడు లేకపోవచ్చును. చక్కగా మూసిన పెట్టెలో లక్షల డాలర్లు చేయు ప్రతిలో ఇట్టి దొక్కటియు నుండదు.

‘కంప్యూటరులో ఎమ్యులేటరు వేసికొన్నచో ఈ ఆటలన్నియు వచ్చును గదా, ఈ పాత ప్లాస్టిక్కుతో ఏమి పని?’ అని అడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. గ్రంథము అచ్చైన పిమ్మట తాటాకు అవసరమా యనుట వంటిది. పాఠమును నిలిపినందుకు ఎమ్యులేటరు వ్రాసినవారికి నమస్కరింపవలెను. కాని ఆట కేవలము పాఠము కాదు, ప్రయోగము. 1984నాటి ‘డక్ హంట్’ బాతులవేటలో ఆడువాడు ప్లాస్టిక్కు తుపాకి పట్టి టీవీలోని బాతును కాల్చును. ఆ తుపాకి దేనిని కాల్చదు, అది చూచును. మీట నొక్కగానే తెర ఒక్క లిప్త నల్లబడి, పిదప బాతు ఉన్నచోట తెల్లని చతురస్రము వెలుగును. తుపాకి గొట్టములోని కన్ను ఆ తెలుపును చూచినచో బాతు పడినట్లు. ఈ యుక్తి అంతయు పిక్చరు ట్యూబు గల టీవీనే నమ్ముకొన్నది. గీతవెంట గీతగా, తక్షణమే వెలుగు దాని తెర తీరునకు తుపాకి కన్నును శ్రుతి చేసిరి. నేటి పలుచని తెరలు బొమ్మను నిలిపి, సవరించి, ఆలస్యముగా చూపును. తుపాకి చూచునప్పటికి అచ్చట తెలుపు లేదు. ఎమ్యులేటరులో బాతులు యథాప్రకారము ఎగురుచునే యుండును, వేట మాత్రము లేదు.

దీనికి విరుగుడుగా ఇంగ్లండు దేశపు ఔత్సాహికుడు ఒకడు 2019లో తెర అంచుచుట్టు తెల్లని చట్రము గీయించి, తుపాకిలో కెమెరా నుంచి, ఆ చట్రమును బట్టి గురి లెక్కించు విధానమును ప్రజలముందు పెట్టెను. పాత తుపాకి దానివలన మరల మాటాడదు, కాని చేయి ఎత్తి గురిచూచు క్రియ తిరిగి వచ్చినది. పిక్చరు ట్యూబును వంటయింటి బల్లమీద చేయుట మానవమాత్రునికి సాధ్యము కాదు. తన చేతికి అందని దానిని అంగీకరించి, అందినంతలో నిలుపుట ఈ పనిలోని వివేకము.

ఇక వివాదాస్పదమైన సంగతి. చేసిన ఉపకరణముతోపాటు దాని పటములను గూడ ఇచ్చివేయవలెనా? ఇచ్చినవారికి జరిగినది అందరెరుగుదురు: మరునెలలోనే ఎవరో అదే బోర్డును, పేరైన చెప్పక, సగము ధరకు అమ్ముదురు. అందుచే కొందరు చిప్పుపైని అక్షరములను అరగదీసి, లోని ప్రోగ్రామునకు తాళము వేసి పంపుచున్నారు. వారి నొప్పి నిజమైనది. ఐదు బోర్డులు ఐదుమారులు పారవేసినవాని శ్రమను ఇంకొకడు ఉచితముగా మ్రింగుట అన్యాయమే. అయినను వారి మార్గము తప్పు. మన పల్లెలలో పసరువైద్యులు ఆకుపేరు కొడుకునకైన చెప్పక కన్నుమూసిరి. వారితోనే మందును పోయినది. దిక్కులేని యంత్రమునకు దిక్కుగా నిలువవచ్చి, తాను పోయిననాడు ఆ దిక్కును గూడ తనతో కొనిపోవువాడు దానిని రెండుమార్లు అనాథను చేసినట్లు. మరమ్మతు మానిన కంపెనీకైన విడిభాగములు లేవను సాకు కలదు. ఇతనికి ఆ సాకును లేదు.

దొంగలను పూర్తిగా ఆపలేకపోయినను, ధర్మమును వ్రాతలో పెట్టు మార్గము కలదు. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయము 2011లో యంత్రనమూనాలకై ఒక బహిరంగ అనుమతిపత్రమును ప్రకటించెను. దాని నేటి రూపములలో ఒకదాని ప్రకారము ఎవరైనను నమూనాను వాడుకొనవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును. కాని మార్చి అమ్మినవాడు తన మార్పులను గూడ అట్లే వెల్లడింపవలెను. అణువుల గుట్టు విప్పువారు వ్రాసికొన్న నియమము బాతులవేట తుపాకికి గూడ సరిపోవుట చూడ ముచ్చటగా నున్నది.

సంవత్సరాంతమున అతనికి మరల ఒక పొట్లము వచ్చును. ఈమారు కనెక్టరు సరిగానున్నది. అతనికి కావలసినది ఒక్క బోర్డు, వచ్చినవి ఐదు. ఒకటి తన యంత్రమునకు తగిలించి, హాజరు సరిగా పలుకుచున్నదో లేదో ఒక సాయంకాలమంతయు పరీక్షించును. పటములను అందరికిని అందుబాటులో నుంచును. మిగిలిన నాలుగింటిని నాలుగు కవరులలో పెట్టి, ఎన్నడును చూడని నలుగురి చిరునామాలు వ్రాసి, తపాలాపెట్టెలో వేసివచ్చును.