ఆంగ్ల పాఠమున అలంకారములు

గోదావరి తీరమున చదువుకొను పాఠశాల విద్యార్థికి ఉపమాలంకారము రెండుమారులు ఎదురగును. తెలుగు పండితుని గదిలో ఉపమ యను పేరుతో ఒకసారి, ఆంగ్లోపాధ్యాయుని గదిలో సిమిలీ యను పేరుతో మరియొకసారి. రెండును ఒకటేయని వానికి చెప్పువారు అరుదు. రెండు లక్షణములను రెండు భాషలలో వల్లించి, పరీక్ష ముగిసిన మరునాడే రెండింటిని మరచును. నన్నయ భారతరచన సాగించిన రాజమహేంద్రవర ప్రాంతపు బిడ్డలకు అలంకారము పరాయి వస్తువగుట విచారకరము.

నిజమునకు అలంకారము వారి ఊరివారి నోటనే యున్నది. వరదనాడు ఏటిగట్టున నిలిచి "గోదావరి మదపుటేనుగువలె వచ్చుచున్నది" అన్నచో అది ఉపమ, ఆంగ్లమున సిమిలీ. "వరద యను మదపుటేనుగు" అన్నచో రూపకము, ఆంగ్లమున మెటఫర్. వరద పేరెత్తకయే "మదపుటేనుగు గట్టు త్రెంచుకొని ఊరిమీద పడినది" అన్నచో మన ఆలంకారికులకు అది రూపకాతిశయోక్తి. ఆంగ్లేయులకు అదియు మెటఫరే. ఈ మూడు వాక్యములు చెప్పిన బాలునికి పోలిక యేదో, భేదమేదో తేటపడును.

అయితే పేరుకు పేరు జతచేసిన పట్టిక మాత్రము చాలదు. ఒక్కొక్కచోట అది చెరుపు చేయును. రైమ్ అనగా ప్రాస యని అనేకులు వ్రాయించుచున్నారు. మన పద్యమున ప్రాస పాదము యొక్క రెండవ యక్షరమునకు సంబంధించినది. రైమ్ సామాన్యముగా పాదాంతమున వినవచ్చునది. దానికి దగ్గరిది మన అంత్యప్రాస. అక్షరము మాట మరింత చిక్కైనది. "రామ" అనునది మనకు రెండక్షరములు. ఆంగ్లలిపిలో అది నాలుగు లెటర్లు, రెండు సిలబుళ్లు. అక్షరమనగా లెటరని మాత్రమే నేర్చిన బాలుడు ఆంగ్ల పద్యపాదమును ఎట్లు కొలువగలడు? పైగా మన గణములు గురులఘువులపై నిలుచును. ఆంగ్లపాదము ఉచ్చారణలోని ఊనికపై నడచును. ఈ భేదము చెప్పనిదే ఏ పారిభాషిక పదమును బోధపడదు.

ఆంగ్లమును ఆంగ్లముననే నేర్పవలెనను వారు కలరు. సంభాషణాభ్యాసమునకు ఆ పద్ధతి మేలు కావచ్చును. శాస్త్రపరిభాష సంగతి వేరు. రాజమహేంద్రవరమున కొంతకాలము ఉద్యోగించిన సి.పి. బ్రౌన్ తెలుగు, సంస్కృత ఛందస్సులను ఆంగ్లమున వివరించి 1827లో గ్రంథము ప్రకటించెను. మన ఛందస్సును తన భాషలో విప్పిచెప్పుట ఆయనకు చిన్నతనముగ తోచలేదు. మన బిడ్డలకు ఆ సౌకర్యము ఏల కూడదు?

ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుటకై 2019లో వెలువడిన ఉత్తరువులను 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. మాధ్యమవాదము ఎటు సాగినను, రెండు భాషలును ఒకే బాలుడు చదువవలసినవే. అందుచే ప్రతి పాఠశాలయందును తెలుగు, ఆంగ్లోపాధ్యాయు లిరువురు కూడి ఒక చిన్న పట్టిక సిద్ధపరుపవలెను. అందు ఆంగ్లపదము, దానికి సన్నిహితమైన తెలుగుపదము, రెండింటి భేదము, ఆ ఊరి వాడుకనుండి ఒక ఉదాహరణము ఉండవలెను. ఇందుకు క్రొత్త ఉత్తరువు లక్కరలేదు. విరామవేళల ఇద్దరును ఒక బల్లచెంత కూర్చుండిన చాలును.