లెక్కకు రాని పౌరులు

అడంగలులో పేరెక్కని రైతు ఎన్నేండ్లు దున్నినను సర్కారు దృష్టిలో రైతు కాడు. ఈ సంగతి మా చదువరులకు వేరుగ జెప్ప నక్కరలేదు. పొలము విషయమున గాక తమ మనుష్యత్వము విషయముననే యట్టి యవస్థను పొందుచున్నవారు హిజ్రాలు మున్నగు ట్రాన్స్‌జెండరు ప్రజలు.

ప్రభుత్వ పుస్తకములలో వీరి పేర్లు పూర్వము లేకపోలేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము వీరిలో ననుమానితుల పేర్లకును నివాసములకును ప్రత్యేక రిజిస్టరు నేర్పరచెను. 1919లో నైజాము రాజ్యమునను అట్టి శాసనమే వెలువడెను. రిజిస్టరు కెక్కినవారు స్త్రీవేషమున వీథిలో గనబడినచో వారంటు లేకయే నిర్బంధింపవచ్చునట! తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేయువరకు నీ శాసనము నిలిచియే యుండెను.

హక్కులకై లెక్కించుట యిటీవలి మాట. 2011 జనాభా లెక్కలలో 'ఇతరులు' అను గడి తొలిసారిగ నేర్పడెను. అందు 4,87,803 మంది చేరిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది. మొత్తములో 54,854 మంది ఆరేండ్లవరకు గల పసివారు. వీరి మాట చెప్పినవారు పెద్దలే గదా! బిడ్డను 'ఇతరుల'లో వ్రాయించిన తండ్రి యున్నట్లే, లోకమునకు వెఱచి కొడుకనియే వ్రాయించిన తండ్రియు నుండును. ఇక 2014 ఓటర్ల జాబితాలో 'ఇతరులు' 28,527 మందియే. పిల్లలను తీసివేసినను ఈ యంతరము సామాన్యము కాదు.

ఆ యేడు ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీరికి విద్యోద్యోగములలో రిజర్వేషన్లు కల్పింపవలెనని యాదేశించెను. ఏ జిల్లాలో నెందరున్నారో తెలియక బడ్జెటులో పద్దు వ్రాయుట యెట్లు?

వారే దాగుచున్నారని కొందరందురు. నిజమే. పోలీసు రిజిస్టరును మఱవని జనము క్రొత్త కాగితమును జూచి జంకుట వింతయా? కాని 1948 జనాభా లెక్కల చట్టము ప్రకారము వ్యక్తుల వివరములు తనిఖీకి గాని సాక్ష్యమునకు గాని యుపయోగింపరాదు. ఈ యభయము వారి వాడలలో వారి భాషలో వినిపింపవలెను. లెక్క వ్రాయువాడు ఇంటి పెద్దనే గాక ఆ వ్యక్తినే మర్యాదతో నడుగవలెను.

2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కించుటకై ప్రభుత్వము 2025 జూన్ 16న ప్రకటన గావించెను. ఆ లెక్క సత్యమగుట అధికారుల చేతిలోనే లేదు. గృహయజమానులారా! మన గడపలో దాచిన నిజమును రాజ్యము కనుగొనజాలదు.