చదవడం ఏ సారు నేర్పాలి?

“మావాడికి చదవడం బాగానే వచ్చు, సైన్సే బుర్రకెక్కడం లేదు” అంటాడు తండ్రి. “సైన్సు చెప్పడం నా పని, చదవడం సంగతి మరాఠీ సారు చూసుకోవాలి” అంటాడు సైన్సు సారు. “పద్యం, పాఠం, వ్యాకరణం నావి, భూగోళం పుస్తకంతో నాకేం పని?” అంటాడు మరాఠీ సారు. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అన్నారా?

నా వాదన సూటిగా చెబుతాను. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్న తరగతుల్లో ప్రతి సారూ తన సబ్జెక్టు పుస్తకం ఎలా చదవాలో తానే నేర్పాలి. నేర్పకపోతే అందరికంటే ముందు దెబ్బతినేది ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న మన పిల్లలు.

కామర్సు చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాడివి, పంతుళ్ళ పనిలో నీకు జోక్యమెందుకని ఎవరైనా అడగవచ్చు. బడి ఇచ్చిన చదువు బజారులో చెల్లుతుందో లేదో తేలేది మా కౌంటరు దగ్గరే కనుక జోక్యం చేసుకుంటున్నాను. అప్పుకు జామీను సంతకం పెట్టడానికి వచ్చేవాళ్ళలో పదో తరగతి దాటినవాళ్ళు, డిగ్రీలున్నవాళ్ళు ఎందరో. కాగితం చేతికిస్తే గడగడా చదువుతారు. “ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులం” అన్న చోట మాత్రం ఆగేవాళ్ళు అరుదు. జామీనుదారులం ఇద్దరం కదా, నా వంతు సగమేనని అనుకుని సంతకం పెడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బాకీ మొత్తం ఒక్కడినే అడగవచ్చు. నోటీసు అందిన రోజున “ఇలా ఉందని ఎవరూ చెప్పలేదు సార్” అంటారు. ఆయన గొంతెత్తి చదివిన వాక్యమే అది!

పంట బీమా సంగతీ అంతే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వడగళ్ళవల్లో, చేను నీట మునిగో నష్టం జరిగితే 72 గంటల్లో తెలియజేయాలి. ఆ ఒక్క షరతు కంటబడక కష్టమంతా నీళ్ళపాలు చేసుకునే రైతు చదువురానివాడే కానక్కర్లేదు. కథ చదివినట్టు షరతు చదవకూడదని ఆయనకు బడిలో ఎవరూ నేర్పలేదు.

చదవడం అంతా ఒకటే అనుకోవడంలోనే ఉంది పొరపాటు. కథను ఒక్క బిగిన చదివేయవచ్చు. గణితంలో ఒక్క మాట జారితే లెక్కే పోతుంది. పదివేల రూపాయలకు సాలుకు 8 శాతం వడ్డీ అంటే ఏడాది చివర చేతికి వచ్చేది 10,800 రూపాయలు. “మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుపుతారు” అని ఉంటే అది 10,824 రూపాయల 32 పైసలు. ఆ తేడాకు కారణం కూడికలో లేదు, వాక్యంలో ఉంది. చరిత్రలో ఈ మాట ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు అని అడుగుతూ చదవాలి. సైన్సులో నిర్వచనం ఎక్కడ ముగిసింది, ఉదాహరణ ఎక్కడ మొదలైంది అని చూసుకోవాలి. భూగోళంలో పటాన్నీ పట్టికనూ కూడా చదవాలి. ఇవన్నీ ఒక్క మరాఠీ సారు నెత్తిన వేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇక మన పిల్లల సంగతి. 1956 నవంబరు 1న గీతలు మార్చినప్పుడు కిన్వట్ ఆదిలాబాదు నుంచి నాందేడు జిల్లాకు వచ్చింది, ముధోల్ నాందేడు నుంచి ఆదిలాబాదుకు వెళ్ళింది. కాగితం మీద తాలూకాలు మారాయి, ఇళ్ళల్లో మాట మారలేదు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు ఎన్నో ఇళ్ళలో ఇవాళ్టికీ తెలుగే. ఆ ఇంటి పిల్లవాడికి బడిలో మరాఠీ, ఐదో తరగతి నుంచి హిందీ. సెమీ ఇంగ్లీషులో చేర్పిస్తే గణితం, సైన్సు ఇంగ్లీషులో.

సంస్కృతం మాటలు రెండు భాషల్లోనూ ఒకటే కదా, కష్టమేముందని కొందరంటారు. మోసం అక్కడే ఉంది. మనకు అవకాశం అంటే వీలు, సందు. మరాఠీ సైన్సు పుస్తకంలో ‘అవకాశ్’ అంటే అంతరిక్షం. మనకు వ్యాజం అంటే నెపం, వ్యాజ్యం అంటే దావా. మరాఠీ లెక్కల్లో ‘వ్యాజ్’ అంటే వడ్డీ. మనింట్లో కార్యం అంటే పెళ్ళో, దినమో. అక్కడ ‘కార్య’ అంటే బలం వస్తువును కదిలించినప్పుడు జరిగే పని. ఇంగ్లీషుకు పోతే ‘ఇంటరెస్ట్’ ఒక పుస్తకంలో ఆసక్తి, ఇంకో పుస్తకంలో వడ్డీ. తెలిసిన మాటే అనుకుని పిల్లవాడు ముందుకు పోతాడు. తెలియని మాటైతే కనీసం అడిగేవాడు. ఆ పాఠం చెప్పే సారు ఒక్క నిమిషం ఆగి చెబితే తీరిపోయే చిక్కు ఇది.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? రాజ్యాంగం 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించమంటుంది, కానీ ప్రాథమిక దశ వరకే. 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మూడో తరగతి దాకా చదవడం, లెక్కలు చూస్తుంది. అంటే పుస్తకం బరువెక్కే సమయానికి ఇద్దరూ చేయి వదిలేస్తున్నారు. 2018 నాటి ‘అసర్’ సర్వేలో మన దేశపు గ్రామాల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు వందకు 73 మంది. మిగిలిన 27 మంది చేతిలోనూ ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకమే ఉంది. ఆ 73 మందికైనా ఆ పుస్తకం అర్థమవుతుందని ఆ సర్వే చెప్పలేదు.

ఇది నా సొంత కల్పన కాదు. ఇంగ్లండులో 1975లో బుల్లక్ కమిటీ ఇదే చెప్పింది. మన దేశంలో 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సైన్సు, గణితం తరగతులు కూడా భాషా తరగతులేనంది. 2014లో ఉపాధ్యాయ విద్యామండలి రెండేళ్ళ బి.ఎడ్.కు చేసిన ప్రణాళికలో అన్ని సబ్జెక్టుల్లో భాష గురించి ఒక పేపరే పెట్టింది. ఆ పేపరు రాసి పాసైన సార్లు బడుల్లో ఉన్నారు. పరీక్షలో రాసింది తరగతిలో ఎందుకు కనబడదు?

“సిలబస్ పూర్తికాదు” అన్నది మొదటి జవాబు. పిల్లవాడికి అందని సిలబస్ పూర్తయి ఎవరికి లాభం? “ఇంగ్లీషు మీడియం పెడితే సరి” అన్నది రెండోది. పక్కనే తెలంగాణ 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చింది. మెచ్చుకోవలసిన పని. కానీ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవడం కూడా ఎవరో నేర్పాల్సిందే. పుస్తకం దానంతట అది నేర్పదు.

మూడో జవాబు మనవాళ్ళదే: “ఆదివారం పిల్లలకు ఓనమాలు, వేమన పద్యాలు నేర్పుతున్నాం కదా!” నేర్పండి, నేనూ సంతోషిస్తాను. కానీ ఆ గంటలో సగం పిల్లల బడి పుస్తకాలు తెరిపించండి. సైన్సు పేరా మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదివించి, సంగతి తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టు. అప్పుడు తెలుగు ఉగాదినాటి ప్రదర్శన వస్తువుగా మిగలదు, చదువుకు పనికొచ్చే భాష అవుతుంది.

బడిలో అడగడానికీ దారి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సాయం పొందే బడులకు వ్యవస్థాపన సమితి ఉండాలి. అందులో ముప్పాతిక వంతు తలిదండ్రులే. అక్కడికి వెళ్ళి గోడల సున్నం, నీళ్ళ ట్యాంకు గురించి అడుగుతాం. వాటితోపాటు ఇదీ అడుగుదాం: ప్రతి సబ్జెక్టు సారూ కొత్త పాఠానికి ముందు ఐదు నిమిషాలు ఆ పాఠం మాటలకు, పటాలకు కేటాయించాలి. వారానికోసారి ఒక పేరా పిల్లల చేత చదివించి, సొంత మాటల్లో చెప్పించాలి. చెప్పేటప్పుడు తెలుగు మాట దొర్లితే గద్దించకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు, జీవో రానక్కర్లేదు.

జూన్‌లో బడులు తెరిచాక జరిగే మొదటి సమావేశానికే వెళ్ళండి. సైన్సు సారునూ, మరాఠీ సారునూ ఒకేచోట కూర్చోబెట్టి అడగండి: మా పిల్లకు ఈ పుస్తకం చదవడం మీలో ఎవరు నేర్పుతారు? “నేను” అని ఇద్దరూ అనేదాకా లేవకండి.