"మా వాడికి లెక్కలు రావు"



మేము ఇండ్లను దర్శించునప్పుడు పిల్లల చదువును గూర్చి అడుగుతాము. "అన్నిటిలో బాగానే ఉన్నాడు అయ్యగారూ, లెక్కలే రావు. మా ఇంటా వంటా లేవు" అని చెబుతారు. ఆ మాట బిడ్డ ఎదుటనే అంటారు. వాడు దానిని నమ్ముతాడు. ధాన్యం బస్తాలను, కూలి రోజులను, చీటీ డబ్బును నోటితోనే లెక్కగట్టే ఇంటిలో లెక్కలు లేకపోవడమేమి?

పిల్లలకు లెక్కల మీద పగ లేదు. అర్థము కానిదానిని పదిమంది ఎదుట బోర్డు మీద చేయలేక, సిగ్గుపడి దూరమవుతున్నారు. సాంఘిక శాస్త్రములో ఒక పాఠము పోయినా తరువాతిది చదువుకోవచ్చును. లెక్కలు మెట్ల వంటివి. తీసివేత రానివానికి భాగహారము రాదు. 2024లో మన దేశపు గ్రామాలలో జరిగిన అసర్ సర్వేలో, 5వ తరగతి పిల్లలలో భాగహారము చేయగలిగినవారు ఇంచుమించు 30 శాతమే.

42లోనుండి 17 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని వ్రాస్తారు. 2లోనుండి 7 పోదు గనుక, 7లోనుండి 2 తీసివేస్తారు. అప్పుడు మనము "ప్రక్కనుండి అప్పు తెచ్చుకో" అంటాము. అప్పు అంటే తీర్చవలసినదని మన పిల్లలకు బాగా తెలుసు. మరి ఇక్కడ ఎవరికి తీర్చాలి? నిజానికి ఇక్కడ అప్పే లేదు. చీపురు పుల్లలను పదేసి చొప్పున 4 కట్టలు కట్టి, మరి 2 పుల్లలు విడిగా పెట్టండి. అందులోనుండి 17 ఇమ్మని అడగండి. వాడే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు విడి పుల్లలు 12. వాటిలో 7 ఇస్తే 5 మిగులుతాయి. ఉన్న 3 కట్టలలో 1 ఇస్తే 2 మిగులుతాయి. జవాబు 25. చేతితో చేసినది వాడు మరువడు.

ఉపాధ్యాయులకును, ఇంట్లో చదివించేవారికిని మా మనవి ఒక్కటే. తప్పు చేసిన బిడ్డను కొట్టక, తిట్టక, "ఎలా చేశావు నాయనా?" అని అడగండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో వాడి నోటనే తెలుస్తుంది. 7వ తరగతికి వచ్చినా సరే, సిగ్గుపరచకుండా ఆ మెట్టు దగ్గరకే తీసుకొనిపోయి మళ్లీ ఎక్కించండి. ఎక్కాలు కంఠతా రావలసినదే. అయితే "ఆరు నాలుగులు ఇరవై నాలుగు" అనేటప్పుడు, నాలుగేసి చింతగింజలను ఆరు వరుసలుగా పేర్పించండి.

తల్లులారా, చదువు రానివారైనను పుల్లలు కట్టగలరు, గింజలు పేర్పించగలరు. "లెక్కలు రావు" అనే మాటను మాత్రము నేటినుండి బిడ్డ చెవిని పడనీయకండి.