గెజిట్‌లో ఒక్క తేదీ వేయండి



కోర్టు బెయిలిస్తుంది. జామీను కాగితాలు జైలుకు చేరతాయి. ఇంటివాళ్లు చంచల్‌గూడ గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు. లోపల ఆ మనిషి చేతికి మాత్రం కమిషనర్ సంతకంతో ఇంకో కాగితం అందుతుంది: పీడీ ఆర్డరు, అంటే ముందస్తు నిర్బంధ ఉత్తర్వు. ఇక ఏడాది దాకా విచారణ ఉండదు, సాక్షులు ఉండరు. శిక్ష పడలేదు, అయినా జైలే.

ఈ అధికారం తెల్లవాళ్లు వదిలిపోయింది. 1818 నాటి బెంగాల్ రెగ్యులేషన్ కిందే 1907లో లాలా లజపతిరాయ్‌ని మాండలేకు పంపారు. రౌలట్ చట్టం మీద దేశమంతా తిరగబడింది. తీరా స్వరాజ్యం వచ్చాక ఆ అధికారానికి రాజ్యాంగంలోనే, అదీ ప్రాథమిక హక్కుల అధ్యాయంలో, 22వ అధికరణంలో చోటిచ్చాం! 1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ బిల్లు తెచ్చిన సర్దార్ పటేల్, దాని గురించి నిద్రలేని రాత్రులు గడిపానని సభలోనే అన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు నిద్ర బాగానే పట్టినట్టుంది. 1971లో కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను పీడీ కింద జైల్లో పెట్టారు. కవిత్వం రాసినందుకు! ఎమర్జెన్సీలో మీసా చట్టం కింద ప్రతిపక్ష నాయకులెందరో లోపలికెళ్లారు. నిర్బంధం అక్రమమని కోర్టుకెక్కే హక్కు కూడా లేదని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదుగురు జడ్జీల్లో కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే.

ఆ జైళ్లనుంచి వచ్చినవాళ్లే 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. అందులోని 3వ సెక్షన్ పీడీని రద్దు చేయలేదు, ముకుతాడు వేసిందంతే. నిర్బంధం సబబో కాదో చూసే అడ్వైజరీ బోర్డు సమ్మతి లేకుండా మనిషిని ఉంచగల గడువు మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గాలి. బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మేరకే వేయాలి. అధ్యక్షుడు కొలువులో ఉన్న హైకోర్టు జడ్జి అయ్యుండాలి. మిగతా సభ్యులు కనీసం మాజీ జడ్జీలై ఉండాలి. నేటికీ నడుస్తున్న పద్ధతిలో జడ్జి కాగల అర్హత ఉంటే చాలు, సర్కారు వేసేస్తుంది. లోపలేసేదీ సర్కారే, అది సబబో కాదో చెప్పేవాళ్లను ఎంచుకునేదీ సర్కారే. ఆ బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు కూడా నిర్బంధితుడికి లేదు.

ఆ సవరణలో మిగతావన్నీ 1979లోనే అమల్లోకొచ్చాయి. 3వ సెక్షన్‌కు మాత్రం కేంద్రం అమలు తేదీ వేయలేదు. 1981 డిసెంబరులో ఏ.కె.రాయ్ కేసులో సుప్రీంకోర్టు, తేదీ వేయమని ప్రభుత్వాన్ని తాము ఆదేశించలేమంది. ఢిల్లీలో ఎన్ని పార్టీలు మారలేదు? ఒక్కరూ ఆ ఫైలు ముట్టలేదు.

మనకిది దూరపు గొడవ కాదు. 1986 నాటి మన పీడీ చట్టాన్ని బూట్‌లెగర్లు, గూండాలు, భూకబ్జాదారుల కోసమన్నారు. తెలంగాణలో 2018లో విత్తనాలు, ఎరువుల నేరాలనూ కలిపారు. మామూలు కేసుల్లోనూ పీడీ పెట్టేస్తున్న తీరును 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుపట్టింది.

“అయితే గూండాలను వదిలేయమంటారా?” అని అడిగేవాళ్లున్నారు. వద్దు. నకిలీ విత్తనాలతో రైతును ముంచినవాడి మీద సాక్ష్యం సేకరించండి, కేసు నడపండి, శిక్ష వేయించండి. పీడీతో ఏడాది గడిస్తే వాడు బయటికొస్తాడు, వాడి మీద నేరం రుజువైనట్టూ కాదు. రైతుకు పైసా రాదు. పోలీసులకు మాత్రం పని తప్పుతుంది.

మేం అడిగేది చిన్నది. కొత్త బిల్లు అక్కర్లేదు, పార్లమెంటులో ఓటింగు అక్కర్లేదు. ఆ పని 1978లోనే అయిపోయింది. కేంద్రం గెజిట్‌లో ఒక తేదీ ప్రకటిస్తే చాలు. అందాకా రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ బోర్డులను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు తీసుకునే వేయాలి. అందుకు ఏ చట్టమూ అడ్డురాదు.

ప్రతి బార్ అసోసియేషన్ ఈ మేరకు తీర్మానం చేయాలి. దాని ప్రతిని కేంద్ర హోం, న్యాయ శాఖల మంత్రులకు స్పీడ్ పోస్టులో పంపండి. మీ ఎంపీ ఏ పార్టీవారైనా సరే, కలిసి ఒకటే అడగండి: వచ్చే సమావేశాల్లో 3వ సెక్షన్ మీద ప్రశ్న వేస్తారా, లేదా?