కక్కు కొట్టే చేతికి కాగజ్ ఏదీ?

మా కాకుమానులో రాయి పుట్టదు. ఎటు తవ్వినా నల్లరేగడే. చిన్నప్పుడు చేలో గులకరాయి దొరికితే జేబులో వేసుకొని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. అయినా ప్రతి ఇంట్లో రోలో సన్నికల్లో ఉండేది, కాస్త కలిగినవాళ్లకు తిరగలి కూడా. అన్నీ ఎక్కడినుంచో బండ్ల మీద వచ్చినవే. వరి కోతల వేళకు మినుము చల్లే ఊళ్లు మావి. పప్పు రుబ్బని ఇల్లు ఉండదు. రుబ్బే కొద్దీ రాయి నున్నబడుతుంది. నున్నబడ్డ రాయి మీద పప్పు నలగదు, జారిపోతుంది.

అప్పుడు రావాలి ఆయన. భుజాన గోనెసంచి, అందులో రెండు మూడు ఉలులు, చిన్న సుత్తి. "రోళ్లకు కక్కు కొడతాం... తిరగళ్లకు గంట్లు పెడతాం" అని బజారంతా తెలుగులో కేక. మా గుమ్మం దగ్గరకొచ్చి, లోపల నానీమాను చూడగానే జబాన్ మార్చేవాడు. "చక్కీ టాకనా క్యా, అమ్మా?"

ఆ హునర్ ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. ముందు రాతిని వేలి కణుపుతో కొట్టి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. బీట ఉందంటే ముందే చెప్పేసేవాడు, "దీని మీద ఉలి పెట్టను, నా మీద మాట వస్తుంది" అని. తిరగలైతే పైరాయి తిప్పి పడుకోబెట్టేవాడు. గంట్లు నడిమధ్య కాస్త లోతుగా మొదలై అంచుకు వచ్చేసరికి పలచబడాలి. గింజ మధ్యలో పగిలి, బయటికి నడుస్తూ పిండి కావాలి కదా. అంచున కూడా లోతు పెడితే పిండికి బదులు నూక రాలుతుంది. మిరపకాయల రోలుకు ముతక గంటు, పప్పు రుబ్బే పొత్రానికి సన్న గంటు. ఉలి మొన అరిగితే కొలిమి దగ్గర మళ్లీ సాగగొట్టించి పదును పెట్టించాలి. పదును ఎక్కువైతే మొన విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. పని అయ్యాక గుప్పెడు తవుడు వేసి తిప్పమనేవాడు, రాతిపొడి దానితో పోవాలని. ఆ తవుడు కోళ్లకు కూడా వేయనిచ్చేవాడు కాదు. మెహనతానా ఎంతంటారా? సోలెడు బియ్యం, ఓ గ్లాసు చాయ్.

ఈ మనిషిని సర్కార్ ఏ పేరుతో పిలుస్తుందో నాకు పత్రికా ఉద్యోగంలోకి వచ్చాక తెలిసింది. 2007లో ఉమ్మడి రాష్ట్రం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక దానికి ఆధారం. ఆ బీసీ-ఇ జాబితాలో ఒక వరుస ఉంది: తురక కాశ, కక్కుకొట్టే జింక సాయిబులు, చక్కిటకానేవాలే, రోళ్లకు కక్కు కొట్టేవారు, పత్తర్ ఫోడులు... ఒకే బిరాదరీకి ఇన్ని పేర్లు. ఆయన రెండు జబాన్లలో వేసిన కేకే గెజిట్‌లోకి ఎక్కిందనిపించింది నాకు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగింది.

అందులో 'పత్తర్ ఫోడులు' అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఫోడ్‌నా అంటే పగలగొట్టడం. క్వారీలో బండ పగలగొట్టే మెహనత్ చిన్నదని నేననను. కానీ కక్కు కొట్టేవాడి హునర్ అంతా రాయి పగలకుండా దెబ్బ వేయడంలోనే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోనూ ఇదే తిరకాసు. 18 చేతివృత్తుల్లో శిల్పికి, రాళ్లు కొట్టేవారికి చోటుంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. మరి కక్కు కొట్టేవాడు వెళ్తే ఏమని రాసుకోవాలి? విగ్రహం చెక్కడు, బండ పగలగొట్టడు. ఈ పనిని జాబితాలో దాని పేరుతోనే చేర్చాలి. ఇది ఖైరాత్ అడగడం కాదు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, బాగుంది. ఆ గ్రైండర్‌లో తిరిగేదీ రాయే, అదీ నున్నబడుతుంది.

ఊపిరి సంగతి కూడా ఉంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌ను పాత ఫ్యాక్టరీల చట్టమే తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా రాసుకుంది. అరుగు మీద కూర్చొని పనిచేసేవాడికి ఫ్యాక్టరీ ఏది, తెలియజేసే మాలిక్ ఎవరు?

సర్కార్‌ను తిట్టడం ఆసాన్. మన ఇళ్ల సంగతేమిటి? 'జింక సాయిబు' అన్న పేరు చెప్పి నవ్వే షరీఫ్ ఖాందాన్లను నేను దావత్‌లలో చూశాను. ఇస్లాంలో జాత్ లేదని తఖ్రీర్ చేసి, రిష్తా మాట రాగానే పేషా అడిగేవాళ్లనూ చూశాను. బీసీ-ఇలో 'షేక్' కూడా ఉంది కాబట్టి కుర్రాళ్లు ఆ ఒక్క మాటతో సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. వాళ్లదేం తప్పు? వాళ్లకు కావలసింది కాలేజీ సీటు, మన వెక్కిరింపు కాదు. కానీ అందరూ షేక్‌లుగా మిగిలితే, ఈ పేషాలో ఇంకా ఎందరున్నారని రేపు అడిగితే ఏ కాగజ్ చూపిస్తాం?

పోయినేడు మా ఇంట్లో గ్రైండర్ రాయి నున్నబడింది. ఎవరో ఫోన్ నంబరిస్తే బైక్ మీద ఒకాయన వచ్చాడు, నా ఈడువాడే. రాయి తీసి ఒళ్లో పెట్టుకొని, వేలి కణుపుతో కొట్టి విన్నాడు. నాకు నానీమా గుమ్మం గుర్తొచ్చింది. పని అయ్యాక, మీ పేషా గురించి రాస్తాను, మీ వాళ్లను ఏమని రాయమంటారని అడిగాను. ఉలులు గుడ్డలో చుడుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

"షేక్ అని రాయండి సాబ్. చాలు."